మనం ఎంతమందిమి? ముందు పేరు ఎవరిది?



ఈ సంచిక చివర పూర్వ విద్యార్థుల జాబితా వేద్దామని కమిటీ అనుకున్నప్పుడు ఆ పని నా మీద పడింది. "నువ్వు కంప్యూటర్ల పని జేస్తవు గదరా, నీకెంతసేపు? అరగంట" అన్నాడు మా సీనియర్ అన్న ఒకాయన. నేను కూడా అరగంటే అనుకున్నాను. పాత అడ్మిషన్ రిజిస్టర్లు ముందేసుకుని నలుగురం కూర్చుని పేర్లన్నీ ఎక్కించాం. తర్వాత నేను ఒక చిన్న స్క్రిప్టు రాసి దాన్ని రెండే ప్రశ్నలు అడిగాను. మనం మొత్తం ఎంతమందిమి? ఎవరి తర్వాత ఎవరి పేరు రావాలి? ఈ రెండింటి మీద నాలుగు ఆదివారాలు పోయాయి. పోయినందుకు బాధ లేదు. కానీ ఆ నాలుగు ఆదివారాల్లో నాకు ఏర్పడిన అభిప్రాయం కమిటీలో అందరికీ నచ్చలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

తెలియని తమ్ముళ్ల కోసం ముందుగా ఒక మాట. స్క్రిప్టు అంటే కంప్యూటర్‌కు మనం రాసిచ్చే పనుల చీటీ. అందులో పేర్లు దాచిపెట్టడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి అరే. రాత్రి హాజరుకు వరండాలో వరుసగా నిలబడతామే, అదే అరే. నంబరు పిలిస్తే మనిషి పలుకుతాడు. రెండోది ఆబ్జెక్ట్. ఇది మన ట్రంకు పెట్టెల గది. పెట్టె మీద పెయింటుతో ఏం రాసి ఉంటే అదే దాని గుర్తు, ఆ గుర్తు చెప్తే లోపల ఉన్నది దొరుకుతుంది. నేను రాసేది జావాస్క్రిప్ట్‌లో. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో తయారుచేసిన భాష ఇది. పది రోజుల పని కాబట్టి కొన్ని తిక్కలు మిగిలాయి. నాకు పాఠం చెప్పింది ఆ తిక్కలే.

అరేలో మొదటివాడి నంబరు ఒకటి కాదు, సున్నా. యాభై మంది ఉంటే చివరివాడి నంబరు 49. ఆ 49 చూసి నలభై తొమ్మిది మందే అనుకుంటే ఒకడికి పళ్లెం ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. నాకు మాత్రం ఇది పెద్ద వింతగా అనిపించలేదు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మా తాత మొదటి కుంచానికి "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు మాట కల్లంలో వినపడొద్దని "ఆరున్నొక్కటి" అనేవాడు. పిలిచే పేరు వేరు, కుంచాల సంఖ్య వేరు అని ఆయనకు బాగా తెలుసు. కంప్యూటర్ కూడా మొదటి కుంచానికి తనకు తోచిన పేరు పెట్టుకుంది, అంతే.

అసలు చిక్కు అది కాదు. అరేలో ఎంతమంది ఉన్నారని అడగడానికి లెంగ్త్ అనే మాట ఉంది. అది తలలు లెక్కపెడుతుందని నేను చాలా కాలం నమ్మాను. లెక్కపెట్టదు. చివరి నంబరు చూసి దానికి ఒకటి కలిపి చెప్తుంది. సున్నాలో ఒకడిని, ఒకటిలో ఒకడిని, 99లో ఒకడిని నిలబెట్టి ఎంతమంది అని అడిగితే వంద అంటుంది. ఉన్నది ముగ్గురే. మధ్యలో ఒకరిని డిలీట్ చేసినా అంతే. మనిషి పోతాడు, జాగా ఖాళీగా ఉండిపోతుంది, లెంగ్త్ తగ్గదు. స్ప్లైస్ అని ఇంకో ఆజ్ఞ ఉంది. దాంతో తీస్తే జాగా కూడా పోతుంది, వెనక ఉన్నవాళ్లంతా ఒక్కో అడుగు ముందుకు జరుగుతారు. లెక్క సరిపోతుంది. కానీ అక్కడి నుంచి అందరి నంబర్లూ మారిపోతాయి, పోయినవాడు ఒకప్పుడు మన మధ్య ఉన్నాడన్న గుర్తు కూడా మిగలదు. ఈ డిలీట్, స్ప్లైస్ మాటలు కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను.

మన వంటాయన ఎప్పుడూ రిజిస్టర్ చూసేవాడు కాదు. చివరి నంబరు ఎంతని అడిగేవాడు కాదు. గంట కొట్టగానే వచ్చిన పళ్లాలు లెక్కపెట్టుకునేవాడు. ఎవడు ఊరికి పోయాడో, ఎవడికి జ్వరమో ఆయనకే ముందు తెలిసేది. స్క్రిప్టులో కూడా చేయాల్సింది అదే. ఒక్కొక్క జాగా దగ్గరికి పోయి, ఇక్కడ మనిషి ఉన్నాడా అని చూసి, ఉంటేనే ఒకటి కలపాలి. రెండు వరుసలు ఎక్కువ రాయాలి, అంతకంటే కష్టం లేదు.

ఒక్కడు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అంటారా? 2024లో పెంచిన రేట్ల ప్రకారం ఒక్కో పిల్లవాడికి నెలకు డైట్ ఛార్జీ 3 నుంచి 7వ తరగతి వరకు 1,330 రూపాయలు, 8 నుంచి 10 వరకు 1,540, ఇంటర్ ఆపైన 2,100. అంతకు ముందు ఇవే 950, 1,100, 1,500గా ఉండేవి. బిల్లు అంటే ఈ రేటును తలల సంఖ్యతో గుణించడమే. పదో తరగతిలో ఒక పేరు ఎక్కువ పడితే నెలకు 1,540 రూపాయలు లేని నోటికి రాసినట్టు. ఒక పేరు తక్కువ పడితే ఉన్న నోటి ముందు నుంచి తీసినట్టు. హాస్టల్లో చదివినవాడికి సంఖ్య అంటే ఇదే. మిగతావాళ్లకు అది కాగితం మీది అంకె.

ఇక పెట్టెల గది. ఆబ్జెక్ట్‌ను ఎంతమంది అని నేరుగా అడగలేం, దానికి లెంగ్త్ ఉండదు. పెట్టెల మీది గుర్తులన్నీ ఒక వరుసలో పోసి, ఆ వరుసను లెక్కపెట్టాలి. నేను అట్లాగే చేశాను. రిజిస్టర్ చూసి ఎక్కించిన పేర్ల కంటే సంఖ్య బాగా తక్కువ వచ్చింది. ఎక్కడ పోయారు? రెండో ఆదివారం మొత్తం దీనికే పట్టింది. చివరికి దొరికింది నా తప్పే. నేను పెట్టెలకు గుర్తుగా పేరు పెట్టాను. మా బ్యాచ్‌లో ఒకే పేరు గలవాళ్లు ముగ్గురు ఉండేవాళ్లం అని అప్పుడు గుర్తుకు వచ్చింది. ఒకరిని పొడుగోడు, ఒకరిని దుబ్బాకోడు, ఒకరిని చిన్నోడు అని పిలుచుకునేవాళ్లం. కంప్యూటర్‌కు ఈ ముద్దు పేర్లు తెలియవు. ఒకే పేరుతో రెండో పెట్టె వస్తే మొదటి పెట్టెలోది తీసి పారేసి కొత్తది పెట్టేస్తుంది. తప్పని అనదు, గంట కొట్టదు. ముగ్గురిలో చివర ఎక్కిన చిన్నోడు ఒక్కడే మిగిలాడు. పేరు తీసేసి అడ్మిషన్ నంబరును గుర్తుగా పెట్టాక అందరూ తిరిగి వచ్చారు. అందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని రిజిస్టర్లలో 12 అని, కొన్నింట్లో 012 అని రాసి ఉంది. మనకు రెండూ ఒకటే, ఆబ్జెక్ట్‌కు రెండు వేరు వేరు పెట్టెలు.

జిల్లాల లెక్క ఇంకో కథ. ఏ జిల్లా పిల్లలు ఎంతమంది చదివారో ఒక పట్టిక వేద్దామన్నారు. వేస్తే మెదక్ వాళ్లే ఎక్కువ, సిద్దిపేట వాళ్లు కొందరే అని వచ్చింది. చదివిన వాళ్లలో ఎక్కువమంది ఈ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే! కారణం మీకు తెలిసిందే. సిద్దిపేట జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. అంతకు ముందు చేరిన ప్రతి పిల్లవాడి పేరు పక్కన మెదక్ అనే ఉంది. చేర్యాల పిల్లల పక్కన వరంగల్, హుస్నాబాద్ పిల్లల పక్కన కరీంనగర్ ఉన్నాయి. వాళ్ల ఊళ్లు కూడా ఆ రోజే సిద్దిపేట జిల్లాలోకి వచ్చాయి. అన్నదమ్ములు ఒకే ఇంటి నుంచి వచ్చారు, అన్న మెదక్ గడిలో, తమ్ముడు సిద్దిపేట గడిలో. ఇది చాలదన్నట్టు కొందరు సిద్దిపేట అని, కొందరు సిద్ధిపేట అని వత్తు మార్చి రాశారు, అవి మళ్లీ రెండు పెట్టెలయ్యాయి. రాష్ట్రం వచ్చినప్పుడు 10 జిల్లాలు. 2016లో 31. ములుగు, నారాయణపేట కలిసి 2019లో 33. పది సార్లు తిరిగితే చాలని స్క్రిప్టులో పది అంకె రాసిపెట్టుకున్నవాడి పని ఏమైందో ఊహించుకోండి. ఎన్ని ఉన్నాయో జాబితానే అడగాలి గానీ మన నోటితో చెప్పకూడదు.

నవ్వు తెప్పించేది ఒకటి చెప్పి వరుస సంగతికి వస్తాను. ఊరి పేరుకు ఎనిమిది అక్షరాల జాగా చాలనుకున్నాను. చిన్నకోడూరు అంటే ఐదు అక్షరాలే కదా. అచ్చులో "చిన్నకోడ" అని వచ్చింది. మన గుడింతాలు, వత్తులు అన్నీ విడదీసి కంప్యూటర్ దాన్ని పదకొండుగా లెక్కపెడుతుంది. సిద్దిపేట మనకు నాలుగు, దానికి తొమ్మిది. అక్షరాలు లెక్కపెట్టేటప్పుడు కూడా "దేన్ని లెక్కపెడుతున్నావు" అని అడగక తప్పదన్నమాట.

వరుస విషయంలో నాకు భయం ఉంది. దానికి కారణం ఒక పాత సంగతి. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక సంస్థ పల్లె బడుల పిల్లలకు స్కాలర్‌షిప్ పరీక్ష పెట్టింది. వంద మార్కుల పేపరు. మార్కుల ప్రకారం వరుసగా పేర్చి పైన ఉన్న కొద్దిమందిని ఎంపిక చేయాలి. ఆ పేర్చే స్క్రిప్టు నేనే రాశాను. సార్ట్ అనే ఒక్క ఆజ్ఞ ఇచ్చి, వచ్చిన వరుసను తిరగేస్తే అయిపోయింది. పైన 99, దాని కింద 98, 97. చూడ్డానికి ముచ్చటగా ఉంది, గోడకు అంటించారు. రెండు రోజుల తర్వాత ఒక ఫోన్ వచ్చింది. "సారూ, మా బిడ్డకు నూటికి నూరు వచ్చినయని బడి సారు జెప్పిండు. లిస్టుల పేరే లేదు. మల్లొకపారి జూడుండ్రి" అన్నాడు ఆ తండ్రి. గొంతులో కోపం లేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మొత్తం జాబితా తెరిచి పైనుంచి వెతికితే దొరకలేదు. అట్టడుగున దొరికింది, పదకొండు మార్కులకూ పది మార్కులకూ మధ్యలో. ఎంపికైన వాళ్లలో, తొంభై కింద, ఎనభై తొమ్మిది పైన, తొమ్మిది మార్కుల పిల్లవాడు ఉన్నాడు.

జరిగింది ఇది. జావాస్క్రిప్ట్‌లో సార్ట్ ఏమీ చెప్పకపోతే అంకెలను అంకెలుగా చూడదు, మాటలుగా చూస్తుంది. నిఘంటువులో మాటలు పేర్చినట్టు మొదటి అక్షరం, ఆ తర్వాత రెండో అక్షరం పోలుస్తుంది. 9, 10, 100, 25 ఇచ్చి పేర్చమంటే 10, 100, 25, 9 అని పేరుస్తుంది. తొమ్మిది అన్న అక్షరం ఒకటి అన్న అక్షరం కంటే పెద్దది కాబట్టి 9 ముందు 100 ఓడిపోతుంది. సరిచేయడం చిటికెలో పని: ఒకదానిలోంచి ఒకటి తీసివేసి చూసి పెద్దదేదో తేల్చమని పక్కన రాసివ్వాలి. రాయలేదు. నూటికి నూరు వచ్చింది ఆ పిల్ల ఒక్కతికే కాబట్టి పైన చూసిన ఎవరికీ అనుమానం రాలేదు. మూడంకెల మార్కు తెచ్చుకోవడమే ఆమె చేసిన నేరం అయింది. సంస్థ వాళ్లు జాబితా మార్చారు, ఆ పిల్లకు రావాల్సింది వచ్చింది. తొమ్మిది మార్కుల పిల్లవాడికి కబురు ఎవరు, ఎట్లా చెప్పారో నేను అడగలేదు. అడగాల్సింది.

ఆబ్జెక్ట్‌కూ తన వరుస తనకుంది. 10, 8, 9, ఇంటర్ అని గుర్తులు ఎక్కిస్తే, తిరిగి చదివేటప్పుడు 8, 9, 10, ఇంటర్ అని ఇస్తుంది. ఇంటర్‌ను మొదట ఎక్కించినా సరే, అంకెల్లాంటివి పెరిగే క్రమంలో ముందు నిలబడతాయి, మాటలు ఎక్కించిన వరుసలో వాటి వెనక నిలబడతాయి. పైథాన్‌లో అయితే 2018లో వచ్చిన 3.7 నుంచి ఎక్కించిన వరుసే ఖాయం. వరుస ముఖ్యమైతే ఆబ్జెక్ట్‌ను నమ్ముకోకుండా అరేలోకి తెచ్చి నువ్వే పేర్చుకో, ఇదీ నా సలహా. అక్షర క్రమంలో పెడదామంటే తెలుగులో ఇంకో పేచీ. బడిలో మనం ళ ను హ తర్వాత చదివాం. కంప్యూటర్‌కు ఇచ్చిన యూనికోడ్ పట్టికలో ళ, ల పక్కనే కూర్చుంది. దాని లెక్కలో కల, కళ, కవ. మన లెక్కలో కల, కవ, ఆ తర్వాత కళ. ఇంగ్లీషు అక్షర క్రమం అయితే ఇంటిపేరు వై తో మొదలయ్యే మా మిత్రుడు ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ప్రతి జాబితాలోనూ చివరనే ఉన్నాడు.

సమానం అయినప్పుడు ఎవరు ముందు? ఎంసెట్‌లో, అంటే తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్‌లో, ఇంజినీరింగ్‌కు మార్కులు సమానమైతే గణితం చూస్తారు, తర్వాత భౌతిక శాస్త్రం, ఇంకా తేలకపోతే చివరికి వయసులో పెద్దవారిని ముందు పెడతారు. అంటే అక్కడ ఎవరో కూర్చుని ఆలోచించి నియమం రాశారు. నియమం రాయకపోతే? సమానమైనవాళ్లు మొదట ఏ వరుసలో ఉన్నారో అదే వరుసలో ఉంచాలన్నది జావాస్క్రిప్ట్‌కు 2019లో గానీ నియమం కాలేదు. అంతకు ముందు బ్రౌజర్‌ను బట్టి తారుమారయ్యేది. యంత్రం న్యాయంగా పేర్చింది అనే మాట నేను ఇప్పుడు నమ్మను. ఎవరో ఒకరు నియమం రాస్తారు, లేదా రాయడం మరిచిపోతారు.

ఇప్పుడు మన జాబితా. కమిటీలో వచ్చిన సూచనలు రెండు. పదో తరగతి పాసైన వాళ్లనే పూర్వ విద్యార్థులుగా లెక్కపెడదాం అన్నది మొదటిది. ఉద్యోగం స్థాయిని బట్టి, గెజిటెడ్ ఆఫీసర్లు ముందు, తర్వాత మిగతావాళ్లు అన్నది రెండోది. ఈ సూచనలు చేసినవాళ్ల మనసు మంచిదే. తమ్ముళ్లకు ఉత్సాహం వస్తుందని వాళ్ల ఆలోచన. కానీ నేను ఒప్పుకోలేకపోయాను.

ఆ నాలుగు ఆదివారాల్లో ఒకసారి పాత బస్టాండ్ దగ్గర మా బ్యాచ్ వాడొకడు కలిశాడు. ఎనిమిదిలో ఉండగా వాళ్ల నాయన మంచాన పడితే పెట్టె తలకెత్తుకుని వెళ్లిపోయినవాడు. ఇప్పుడు సెంట్రింగ్ పని చేస్తున్నాడు. వార్షికోత్సవానికి రమ్మన్నాను. "నేనెట్ల వస్తరా? నేను టెన్త్ పాస్ గాలే గద. మీ లిస్టుల నా పేరుంటదా?" అన్నాడు. నాకు గుండెలు సరిగ్గా లెక్కపెట్టడం నేర్పినవాడు వీడు. రాత్రి స్టడీ అవర్లో చింతగింజలతో భిన్నాలు చెప్పేవాడు. వాడి నంబరు రిజిస్టర్లో ఇప్పటికీ ఉంది, ఎదురుగా ఎర్ర సిరాతో ఒక గీత. ఆ గీత డిలీట్ లాంటిది, జాగా మిగిలింది. మనం పదో తరగతి నియమం పెడితే అది స్ప్లైస్ అవుతుంది. జాగా కూడా పోతుంది, వెనకవాళ్లం ముందుకు జరిగి నిండుగా కనపడతాం.

రెండో సూచన గురించి ఎక్కువ చెప్పను. ఉద్యోగాలు మారతాయి, రిటైరవుతారు, వచ్చే ఏడాది వరుస మళ్లీ పేర్చాలి. అడ్మిషన్ నంబరు మారదు. మనం వరండాలో నిలబడ్డది ఆ వరుసలోనే. కలెక్టర్ ఆఫీసులో పనిచేసే అన్నకైనా, సెంట్రింగ్ పనివాడికైనా ఆ రోజు దుప్పటి ఇచ్చింది ఆ నంబరు చూసే.

కాబట్టి ఈ సంచికలో జాబితాను చేరిన సంవత్సరం, ఆ సంవత్సరంలో అడ్మిషన్ నంబరు ప్రకారం వేశాను. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఎందుకు వెళ్లారన్నది రాయలేదు, అది వాళ్ల సొంత విషయం. జిల్లా గడిలో రిజిస్టర్లో ఉన్న పాత జిల్లాను అట్లాగే ఉంచి, పక్కన ఇప్పటి జిల్లా రాశాను. ఒకే పేరు గలవాళ్లకు తండ్రి పేరు కలిపాను. చదువుకుంటున్న తమ్ముళ్లకు ఒక విన్నపం: హాస్టల్ కంప్యూటర్ ఖాళీగా దొరికినప్పుడు పేరు టైప్ చేసి రంగులు మార్చుకోవడం ఆపి, ఒకసారి మీ గది హాజరును అరేలో ఎక్కించి చూడండి. ఒకరిని తీసేసి ఎంతమంది అని అడగండి. అది చెప్పింది నమ్మకుండా వరండాలోకి పోయి తలలు లెక్కపెట్టండి.

పేరు తప్పుపోయినవాళ్లు వార్షికోత్సవం రోజు స్టేజీ పక్కన బల్ల దగ్గర నన్ను కలవండి, పెన్ను, రిజిస్టర్ల జిరాక్సులు నా దగ్గరే ఉంటాయి. అందరినీ కలపడం వల్ల జాబితాకు పేజీలు పెరిగాయని, అచ్చు ఖర్చు ఎక్కువవుతుందని ప్రెస్ ఆయన అంటున్నాడు. ఎడిటర్ అన్నా, అంతగా సరిపోకపోతే ఈ వ్యాసం తీసేయండి. రెండు మూడు పేజీలు మిగులుతాయి.